హైవే పక్క స్థలంలో బస్సుల చార్జింగ్ స్టేషన్: సబ్సిడీని నమ్ముకుని దిగవచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని ఆనుకుని మాకు ఎకరన్నర స్థలం ఉంది. ఈ మధ్య ఒక ఏజెంటు వచ్చి, ఎలక్ట్రిక్ బస్సులకు, లారీలకు ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ పెడితే కేంద్ర ప్రభుత్వం 80 శాతం సబ్సిడీ ఇస్తుందని చెప్పాడు. రిజిస్ట్రేషన్ కోసం లక్షన్నర కడితే మిగతాదంతా తమ కంపెనీయే చూసుకుంటుందట. 240 కిలోవాట్ల చార్జర్లు రెండు పెట్టాలని నా ఆలోచన. బ్యాంకు అప్పుతో మొదలుపెడదాం, ఏడాదిలో సబ్సిడీ రాగానే తీర్చేద్దాం అని మా బావమరిది అంటున్నాడు. మా నాన్నగారు మాత్రం భూమి తాకట్టు పెట్టడానికి ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి? పైన సోలార్ ప్యానెళ్లు వేస్తే కరెంటు బిల్లు తప్పుతుందా?

– ఒక పాఠకుడు

జవాబు: ప్రస్తుతానికి మీ నాన్నగారి మాటే వినండి. ఏజెంటుకు లక్షన్నర కాదు కదా, వెయ్యి రూపాయలు కూడా కట్టకండి. అలాగని మీ ఆలోచన పనికిరానిదని కాదు. సబ్సిడీ ఉన్న మాట నిజం, 80 శాతం అన్న అంకె కూడా నిజమే. కానీ ఆ 80 శాతం దేని మీద, ఎవరి చేతికి, ఎప్పుడు అన్న మూడు సంగతులూ ఏజెంటు మింగేశాడు.

మీరు అడుగుతున్నది ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకం గురించి. భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖ దీన్ని 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. మొత్తం కేటాయింపు రూ.10,900 కోట్లు, అందులో పబ్లిక్ చార్జింగ్ స్టేషన్ల వాటా రూ.2,000 కోట్లు. మొదట 2026 మార్చి వరకే అనుకున్న పథకం గడువును బస్సులు, లారీలు, చార్జింగ్ స్టేషన్ల విషయంలో 2028 మార్చి 31 వరకు పొడిగించారు. పథకం ప్రకటించినప్పుడు దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యాలు ఇవి: కార్లకు 22,100 ఫాస్ట్ చార్జర్లు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 48,400, బస్సులకు 1,800. బస్సుల అంకె ఎంత చిన్నదో ఒకసారి చూడండి. నిధి ఉన్నంత మాత్రాన అది మీ గేటు ముందు ఆగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

ఇక 80 శాతం సంగతి. చార్జింగ్ స్టేషన్ ఖర్చును మార్గదర్శకాలు రెండు ముక్కలుగా చూస్తాయి. కరెంటు స్తంభం నుంచి చార్జర్ దాకా ఉండే సరంజామా మొదటి ముక్క: ట్రాన్స్‌ఫార్మర్, హైటెన్షన్, లోటెన్షన్ కేబుళ్లు, బ్రేకర్లు, డిస్ట్రిబ్యూషన్ బాక్సులు వగైరా. బస్సుకు తగిలించే గన్ ఉన్న చార్జర్ యంత్రం రెండో ముక్క. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల్లో పెట్టి ప్రజలందరినీ రానిస్తే రెండింటి మీదా నూరు శాతం ఇస్తారు. రైల్వే స్టేషన్లు, బస్ స్టేషన్లు, విమానాశ్రయాలు, ఓడరేవులు, టోల్ ప్లాజాలు, ప్రభుత్వ రంగ చమురు సంస్థల బంకులు వంటి చోట్ల మొదటి ముక్క మీద 80 శాతం, యంత్రం మీద 70 శాతం. మాల్, మార్కెట్, హైవే పక్కన ప్రైవేటు స్థలం వంటి మిగతా చోట్ల మొదటి ముక్క మీద 80 శాతం మాత్రమే. యంత్రం మీద పైసా రాదు. మీరు వచ్చేది ఈ చివరి వర్గంలోకి.

మీ ప్రాజెక్టు మొత్తం ఖర్చులో 80 శాతం ప్రభుత్వం భరిస్తుందని మీకు అర్థమైంది. అలా అర్థం కావాలనే ఏజెంటు చెప్పి ఉంటాడు. అసలు బరువంతా ఉండేది యంత్రాల మీద, అది పూర్తిగా మీ జేబులోంచే పోవాలి. పైగా ఆ 80 శాతానికి కూడా ముందే నిర్ణయించిన ప్రామాణిక ఖర్చు అనే హద్దు ఉంది. మీ లైను పొడవు ఎక్కువై ఆ హద్దు దాటితే, దాటినదంతా మీ ఖాతాలోనే పడుతుంది.

ఇందులోనే మరో చిక్కు కూడా ఉంది. మీ స్థలానికి అటో ఇటో రెండు మూడు కిలోమీటర్లలో ప్రభుత్వ రంగ చమురు సంస్థ బంకు ఒకటి ఉండే ఉంటుంది. రేపు వాళ్లు అదే సామర్థ్యం ఉన్న చార్జర్ పెడితే యంత్రం మీద 70 శాతం వాళ్లకు వస్తుంది, మీకు రాదు. అంటే యూనిట్‌కు రూపాయి తగ్గించి అమ్మినా వాళ్లకు గిట్టుబాటవుతుంది. ఈ రంగంలో వాళ్లు కొత్తవారు కూడా కారు. ఎలక్ట్రిక్ వాహనాలకు అంతకుముందున్న కేంద్ర పథకం ఫేమ్ రెండో దశ కింద 2023 మార్చిలో మూడు చమురు సంస్థలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల కోసం రూ.800 కోట్లు మంజూరు చేశారు. కాబట్టి మీకు అసలు పోటీ పక్క ఊరి రైతు నుంచి రాదు, బంకు నుంచి వస్తుంది. పెట్టుబడి పెట్టే ముందు మీ పరిసరాల్లోని బంకుల్లో ఎక్కడెక్కడ చార్జర్లు ఉన్నాయో, ఎంత సామర్థ్యంవో, లారీ నిలబడే జాగా ఉందో లేదో ఒక పూట బండి మీద తిరిగి చూసి రాసుకోండి. కార్లకు పెట్టిన 60 కిలోవాట్ల చార్జర్ పక్కన బస్సు నిలబెట్టాలంటే చాలా బంకుల్లో కుదరదు. మీకున్న ఆధిక్యం ఆ జాగానే.

దరఖాస్తు సంగతికి వస్తే, వ్యక్తిగా మీరు నేరుగా కేంద్రానికి ఫారం నింపి పంపే ఏర్పాటు ఈ పథకంలో లేదు. రాష్ట్రాలు, కేంద్ర శాఖలు నియమించే నోడల్ సంస్థలు తమ పరిధిలోని స్థలాలన్నీ కలిపి ఒక ప్రతిపాదనగా పోర్టల్‌లో పెడతాయి. పథకంలో చార్జింగ్ స్టేషన్ల భాగం అమలు బాధ్యత భెల్ సంస్థది. మంజూరు చేసేది మంత్రిత్వ శాఖ. తెలంగాణలో చార్జింగ్ స్టేషన్ల వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ టీజీరెడ్కో. అక్కడికి స్వయంగా వెళ్లండి. ప్రైవేటు స్థలాలను ప్రతిపాదనలో కలుపుతున్నారా, కలిపితే స్థల యజమానిగా కలుపుతారా లేక టెండర్లో ఎంపికైన చార్జింగ్ కంపెనీ ద్వారానా, మీ రహదారి భాగం వాళ్ల జాబితాలో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. పాస్‌బుక్కు నకలు, స్థలం స్కెచ్, దగ్గరలోని సబ్‌స్టేషన్ పేరు చేతిలో పెట్టుకుని వెళ్తే సంభాషణ వేగంగా సాగుతుంది. రద్దీ ఎక్కువగా ఉన్న జాతీయ రహదారులకు పథకంలో ప్రాధాన్యం ఉంది కాబట్టి మీ స్థలం గురించి వినడానికి వాళ్లకూ ఆసక్తి ఉంటుంది. ఈ దారిలో ‘రిజిస్ట్రేషన్ రుసుము’ పుచ్చుకునే ప్రైవేటు ఏజెంటుకు చోటే లేదు. అతని కంపెనీ నిజమైనదే అయితే, నోడల్ సంస్థ తమను ఎంపిక చేసినట్టు ఉత్తర్వు కాపీ చూపించమనండి. చూపించలేకపోతే చర్చ అక్కడితో ముగించండి.

ఏడాదిలో సబ్సిడీతో అప్పు తీర్చేద్దామన్న మీ బావమరిది లెక్కను నేను ఒప్పుకోను. సబ్సిడీ రెండు విడతల్లో వస్తుంది: మొదట 70 శాతం, తర్వాత 30 శాతం. రెండూ షరతులు నెరవేరాకే. ఉదాహరణకు ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్లు, మిగతా సరంజామాకు రూ.20 లక్షలు అయి, అదంతా ప్రామాణిక ఖర్చు హద్దులోనే ఉందనుకుందాం. 80 శాతం అంటే రూ.16 లక్షలు. అందులో మొదటి విడత రూ.11.20 లక్షలు, రెండోది రూ.4.80 లక్షలు. నోడల్ సంస్థ, భెల్, మంత్రిత్వ శాఖ అనే మూడు బల్లలు దాటి ఆ డబ్బు రావాలి. ఈలోగా బ్యాంకు వడ్డీ మాత్రం ఏ బల్ల దగ్గరా ఆగదు. అందుకే సబ్సిడీ సున్నా అనుకుని లెక్క వేయండి. సున్నాతోనూ నిలబడే ప్రాజెక్టు అయితేనే దిగండి. వచ్చిననాడు అది అప్పు భారాన్ని తగ్గిస్తుంది, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

సున్నా సబ్సిడీతో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒక 240 కిలోవాట్ల చార్జర్ రోజంతా ఆగకుండా నడిస్తే 5,760 యూనిట్లు ఇవ్వగలదు. అలా ఎక్కడా నడవదు. సామర్థ్యంలో 10 శాతం వాడకం ఉందనుకుంటే రోజుకు 576 యూనిట్లు. కరెంటు కొన్న ధర పోగా యూనిట్‌కు రూ.4 మిగులుతుందనుకోండి, నెలకు దాదాపు రూ.69,000. రూ.40 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ.68,500. అంటే 10 శాతం వాడకం వాయిదాకే సరి. కాపలా మనిషి జీతం, ఇంటర్నెట్, యంత్రం మరమ్మతుల కాంట్రాక్టు, బీమా, మీ శ్రమ, ఇవన్నీ ఆపైన వచ్చే వాడకంలోంచి తీయాలి. ఇందులో అప్పు, వడ్డీ, మిగులు అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి. మీ కొటేషన్లు, మీ బ్యాంకు చెప్పిన వడ్డీ వేసి మళ్లీ కట్టండి. 576 యూనిట్లంటే ఒక్కోటి 190 యూనిట్లు ఎక్కించుకునే మూడు బస్సులు. రోజూ, వర్షమొచ్చినా పండుగొచ్చినా, మూడు బస్సులు. మీరు రెండు చార్జర్లంటున్నారు కాబట్టి ఆరు.

ఆ ఆరు ఎక్కడి నుంచి వస్తాయి? మీ ఉత్తరంలో సబ్సిడీ గురించి చాలా ఉంది కానీ ఈ ప్రశ్న లేదు. నీళ్లు పడతాయో లేదో చూడకుండా మోటారు కొన్నట్టుంది వ్యవహారం.

పత్రికల్లో వచ్చే ఎలక్ట్రిక్ బస్సుల పెద్ద పెద్ద అంకెలు మీవి కావు. పీఎం ఇ-డ్రైవ్ కింద 40 లక్షలకు మించి జనాభా ఉన్న తొమ్మిది నగరాలకు 14,028 బస్సులు ఇస్తామన్నారు. హైదరాబాద్‌కు 2,000 కేటాయించారు. ఇవి నగర బస్సులు. డిపోల్లోనే చార్జింగ్ పెట్టుకుంటాయి, సూర్యాపేట దాకా రావు. మీకు కావాల్సినవి ఊళ్ల మధ్య తిరిగే బస్సులు. ఆర్టీసీ 2023 మేలో మియాపూర్–విజయవాడ మధ్య ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. ప్రైవేటు ఎలక్ట్రిక్ బస్సులూ ఈ దారిలో నడుస్తున్నాయి. బాగానే ఉంది. అయితే ఈ-గరుడ ఒక్కసారి చార్జ్ చేస్తే 325 కిలోమీటర్లు వెళ్తుందని అప్పట్లో ప్రకటించారు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఉన్న దూరం అంతకంటే తక్కువ. నిండు బ్యాటరీతో బయలుదేరిన బస్సు దారి మధ్యలో ఎందుకు ఆగాలి? విజయవాడ చేరాక, తిరుగు ప్రయాణానికి ముందు అక్కడే పెట్టుకుంటుంది.

బస్సులు ఎప్పటి నుంచో సూర్యాపేట దగ్గర టీకి, భోజనానికి ఆగుతున్నాయి కదా అని మీరు అనవచ్చు. ఆ ఆగడం ఇరవై నిమిషాలు. 120 కిలోవాట్ల గన్ తగిలిస్తే ఇరవై నిమిషాల్లో ఎక్కేది 40 యూనిట్లు. పెద్ద ఏసీ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ కాస్త అటూ ఇటుగా తాగుతుంది కాబట్టి అది నలభై కిలోమీటర్ల దూరానికి సరి. 240 కిలోవాట్ల చార్జర్ అంటే ఒక బస్సుకే 240 అని కూడా అనుకోకండి. రెండు గన్లున్న యంత్రానికి రెండు బండ్లూ తగిలితే శక్తి చెరిసగం అవుతుంది. బ్యాటరీ 80 శాతం దాటాక బండే వేగం తగ్గించేసుకుంటుంది. అంటే ఒక్కో బస్సు 190 యూనిట్లు ఎక్కించుకుంటుందన్న నా లెక్క భోజన విరామానికి వర్తించదు. ఆ లెక్కన వాయిదా కట్టడానికి మూడు బస్సులు చాలవు, పద్నాలుగు పదిహేను ఆగాలి. ఎండాకాలంలో ఏసీ భారం, పాతబడ్డ బ్యాటరీలు, ఉదయం వెళ్లి సాయంత్రానికే తిరిగి రావాల్సిన బండ్లు, ఇలాంటి కారణాలతో మధ్యలో కొంత ఎక్కించుకోవాలనుకునే ఆపరేటర్లు ఉంటారు. కానీ అది వాళ్లే చెప్పాలి, మనం ఊహించుకోకూడదు.

నన్నడిగితే మీ జిల్లాలో బస్సుల కంటే లారీల వైపు చూడాలి. మేళ్లచెరువు, మఠంపల్లి పక్క సిమెంటు ఫ్యాక్టరీలు మీకు తెలిసినవే. కోదాడ మీదుగా హైదరాబాద్‌కు రోజూ సిమెంటు వెళ్తుంది. కోదాడ నుంచి హైదరాబాద్ దాదాపు 180 కిలోమీటర్లు. పోయేటప్పుడు నిండు బరువు, వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ. దారి మారదు, సరుకు మారదు, వేళలు ఇంచుమించు స్థిరం. ఎలక్ట్రిక్ లారీకి ఇంతకంటే అనువైన పని అరుదు. నిండు బరువుతో వెళ్లి రావడానికి చాలా లారీలకు ఒక్క చార్జింగ్ సరిపోదు కనుక దారి మధ్యలో గంటసేపు ఆగే చోటుకు నిజమైన అవసరం ఉంటుంది. లారీ డ్రైవరుకు గంట ఆగడం కష్టమూ కాదు, బస్సులో ప్రయాణికుల్లా వెనక నుంచి ఎవరూ కేకలు వేయరు.

కానీ ఆ లారీలు ఇంకా రోడ్డెక్కాలి. లారీల కోసం ఈ పథకంలో రూ.500 కోట్లు పెట్టి, 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చారు. ఒక్కో లారీకి గరిష్ఠంగా రూ.9.6 లక్షల ప్రోత్సాహకం. దేశం మొత్తం మీద లక్ష్యం దాదాపు 5,600 లారీలు. పాత డీజిల్ లారీని తుక్కుకు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటేనే ప్రోత్సాహకం వర్తిస్తుంది. 5,600లో మీ రహదారికి ఎన్ని వస్తాయో ఊహించడం కంటే, ఫ్యాక్టరీల రవాణా విభాగాలకు, వాళ్లకు లారీలు నడిపే రవాణాదారులకు వెళ్లి అడగడం మేలు. ఎలక్ట్రిక్ లారీలు కొనే ఆలోచన ఉందా? ఎప్పుడు? చార్జర్లు ఫ్యాక్టరీ లోపలే పెట్టుకుంటారా, దారిలో కావాలా? కావాలంటే నెలకు ఇన్ని యూనిట్లు వాడినా వాడకపోయినా డబ్బు చెల్లిస్తామని మూడేళ్లకు ఒప్పందం రాస్తారా? ఆ ఒప్పందం ఒక్కటి చేతిలో ఉంటే బ్యాంకు మేనేజరు మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. అది లేకుండా భూమి తాకట్టు పెట్టవద్దని మీ నాన్నగారు అంటే అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

కరెంటు విషయం చాలామంది చివర్లో చూస్తారు, మీరు మొదట్లోనే చూడండి. 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ వాహనాలకు చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మడం కిందకు రాదని స్పష్టం చేసింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. కానీ రెండు 240 కిలోవాట్ల యంత్రాలంటే 480 కిలోవాట్లు. లోటెన్షన్ కనెక్షన్‌తో ఇది కాదు. 11 కేవీ హైటెన్షన్ కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మామూలుగా దొరికే సైజుల్లో 630 కేవీఏ. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కావాలి. మీ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఏఈ గారిని నాలుగు సంగతులు అడగండి. మీ స్థలం ముందు నుంచి పోయే 11 కేవీ లైను ఏ ఫీడర్‌ది, సబ్‌స్టేషన్ ఎంత దూరం, అక్కడి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకా ఎంత లోడు పడుతుంది, పోయిన ఎండాకాలంలో ఆ ఫీడర్ ఎన్నిసార్లు ట్రిప్ అయింది. లైను వ్యవసాయ ఫీడర్‌దైతే వేరే ఫీడర్ నుంచి లాగాల్సి రావచ్చు, అప్పుడు మీటరు మీటరుకూ ఖర్చే. గ్రామీణ ప్రాంతంలో కొత్త కనెక్షన్ 15 రోజుల్లో ఇవ్వాలని నిబంధన ఉన్నా, కొత్త లైను వేయాల్సి వస్తే, సబ్‌స్టేషన్ సామర్థ్యం పెంచాల్సి వస్తే ఆ గడువు వర్తించదు. బ్యాటరీలో 10 శాతం మిగిలిన లారీ మీ దగ్గరకు వచ్చినప్పుడు కరెంటు లేకపోతే, ఆ డ్రైవరు రెండోసారి రాడు. అతని వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లూ రారు.

కరెంటు ధర విషయంలో 2024 సెప్టెంబరు కేంద్ర మార్గదర్శకాలు చార్జింగ్ స్టేషన్లకు అనుకూలంగానే ఉన్నాయి. 2028 మార్చి 31 వరకు ఒకే భాగంగా ఉండే టారిఫ్, అంటే విడిగా స్థిర చార్జీ లేకుండా వాడిన యూనిట్ల మీదే ధర, వేయాలని, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు సగటు సరఫరా వ్యయంలో (ఒక యూనిట్ అందించడానికి విద్యుత్ సంస్థకు సగటున అయ్యే ఖర్చులో) 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ఉండాలని చెప్పాయి. చివరి మాట రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది. మండలి వెబ్‌సైటులో తాజా టారిఫ్ ఉత్తర్వు తీసి, హైటెన్షన్ ఈవీ చార్జింగ్ వర్గం కింద ఏముందో, డిమాండ్ చార్జీ (లోడును బట్టి నెలనెలా విడిగా వేసే చార్జీ) ఉందో లేదో స్వయంగా చదవండి. పగటి పూట వచ్చే లారీ మీకు లాభం, రాత్రి వచ్చే స్లీపర్ బస్సు అంత లాభం కాదన్న మాట ఇక్కడే తేలుతుంది. జీఎస్టీ కూడా గుర్తుంచుకోండి. చార్జర్ కొన్నప్పుడు 5 శాతం, చార్జింగ్ సేవ అమ్మినప్పుడు 18 శాతం. కరెంటు మీద జీఎస్టీ లేదు కాబట్టి అక్కడ తిరిగి రాబట్టుకునేది ఉండదు. సొంత జీఎస్టీ నమోదున్న రవాణా కంపెనీకి ఈ 18 శాతం పెద్ద సమస్య కాకపోవచ్చు, దారిన పోయే ఒంటరి లారీ యజమాని మాత్రం ముఖం చిట్లిస్తాడు.

స్థలం గురించి రెండు మాటలు. మీ రహదారిని ఆరు వరుసలకు విస్తరించే ప్రతిపాదన ఉంది. భూసేకరణ గీత మీ స్థలంలో ఎక్కడ పడుతుందో తెలియకుండా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కట్టకండి. జాతీయ రహదారి నుంచి లోపలికి దారి ఇవ్వడానికి విడిగా అనుమతి కావాలి, వ్యవసాయ భూమైతే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) కావాలి. మీరు రోడ్డుకు ఏ పక్కన ఉన్నారన్నది కూడా చూడాలి. హైదరాబాద్ వైపు పోయే పక్కన ఉంటే నిండు లారీలు మీవి, విజయవాడ వైపు పక్కన ఉంటే ఖాళీ లారీలు. డివైడరు దాటి యూటర్న్ కోసం నాలుగు కిలోమీటర్లు పోయే లారీ ఉండదు. ట్రెయిలర్ లారీ వెనక్కి తీసే పని లేకుండా ఒక గేటులో వచ్చి మరో గేటులో పోయేలా చార్జర్లను మధ్య దిమ్మెల మీద పెట్టించండి. చార్జింగ్ పోర్టు ఒక్కో కంపెనీ బండికి ఒక్కో చోట ఉంటుంది, కనుక కేబుల్ పొడవు ఎంత ఉండాలో ముందు ఒప్పందం చేసుకున్న వాళ్ల బండిని తెచ్చి నిలబెట్టి కొలవండి. 55 టన్నుల బండి రోజూ తిరిగే నేల మీద మామూలు సిమెంటు పలకలు ఒక వర్షాకాలం కూడా నిలవవు.

ఇదంతా చదివాక మీకు నీరసం వస్తే, మరో దారి ఉంది. స్థలం మీదిగానే ఉంచుకుని, ఇప్పటికే చార్జింగ్ స్టేషన్లు నడుపుతున్న కంపెనీకి పదేళ్లకు అద్దెకు ఇవ్వండి. నెలకు కొంత స్థిరమైన అద్దె, దాని పైన అమ్మిన ప్రతి యూనిట్ మీద కొంత వాటా అడగండి. యంత్రాలు, కనెక్షన్, అప్పు, సబ్సిడీ కోసం తిరగడం అంతా వాళ్ల పని. పక్కనే డ్రైవర్లకు భోజనం, స్నానాల గదులు, పడుకునే చోటు మీరు నడపండి. గంట ఆగే లారీ డ్రైవరు దగ్గర చార్జింగ్ కంటే భోజనం మీదే ఎక్కువ మిగలవచ్చు. అద్దె పత్రంలో రెండు షరతులు తప్పక రాయించండి: హైటెన్షన్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటుంది, ఒప్పందం మధ్యలో వాళ్లు వెళ్లిపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది. సబ్సిడీతో పెట్టిన సరంజామా అయితే దాన్ని కదిలించడానికి, అమ్మడానికి షరతులు ఉంటాయి, అవి కూడా పత్రంలోకి రావాలి. మీ పరిస్థితిలో నేనైతే మొదట ఈ దారే పడతాను. రెండేళ్లు వాళ్ల మీటరు చూస్తూ ఉంటే, మీ రోడ్డు మీద నిజంగా ఎన్ని బండ్లు ఆగుతున్నాయో ఏ ఏజెంటూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

సోలార్ సంగతి అడిగారు. బిల్లు తగ్గుతుంది కానీ పూర్తిగా తప్పిపోదు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. పైన చెప్పిన 576 యూనిట్లకు దాదాపు 145 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి, అంటే ఎకరంలో మూడో వంతుకు పైగా స్థలం. అప్పటికీ ఒక లారీ 240 కిలోవాట్ల వేగంతో లాగుతున్నప్పుడు ప్యానెళ్లు ఒక్కటే దాన్ని మోయలేవు, హైటెన్షన్ కనెక్షన్ తీసుకోక తప్పదు. పగలు కరెంటు చౌకగా దొరికే టారిఫ్ ఉంటే సోలార్ పెట్టుబడి తిరిగి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. చార్జర్ల మీద నీడకు ఎలాగూ షెడ్డు వేస్తారు కాబట్టి, దాన్ని ఎత్తైన లారీ లోడుకు తగలకుండా కనీసం 5 మీటర్ల ఎత్తులో, ప్యానెళ్ల బరువు మోసేంత గట్టిగా కట్టించి వదిలేయండి. ప్యానెళ్లు తర్వాత వేసుకోవచ్చు.